డబ్బాలో ఏముందో మీకు తెలుసా? – చెక్క లప్పం, దాని ఆవిరి, మన ఆరోగ్యం



క్రిస్మస్ దగ్గర పడుతోందంటే మన ఇళ్ళలోను, మందిరాల్లోను పనులు మొదలవుతాయి. గోడలకు సున్నం, తలుపులకు రంగు, బెంచీలకు పాలిష్. ఈ పనుల్లో వాడే ఒక చిన్న డబ్బా గురించి ఈ సంచికలో రాస్తున్నాము. చెక్కలో పగుళ్ళు, మేకు గుంటలు పూడ్చడానికి వాడే లప్పం డబ్బా అది. కొందరు వుడ్ పుట్టీ అంటారు, కొందరు వుడ్ ఫిల్లర్ అంటారు. చెక్క లప్పానికీ ఆసుపత్రికీ సంబంధమేమిటని మీరు అనుకోవచ్చు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకున్నాము.

ఆ సాయంత్రం జరిగినది

కొన్నేళ్ళ క్రితం డిసెంబరులో ఒక సాయంత్రం, ఇద్దరు యువకులు ఒక వడ్రంగి మేస్త్రి గారిని చెరొక రెక్క పట్టుకొని మన క్యాజువాలిటీకి తీసుకువచ్చారు. ఆయన అడుగులు తడబడుతున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది, కళ్ళు ఎర్రబడ్డాయి. వస్తూనే వాంతి చేసుకున్నారు. వెనకే వచ్చిన భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తున్నది. ఆమె బాధ రోగం గురించి మాత్రమే కాదు. "మా ఆయన తాగడు సిస్టరమ్మా. ఇరవై ఏళ్ళయింది మానేసి. కానీ దారిలో చూసినవాళ్ళందరూ తాగాడనే అనుకున్నారు" అన్నది.

ఆయన తాగలేదు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి మందిరంలోని వెస్ట్రీ గదిలో పాత బెంచీలకు లప్పం పెట్టి, సీలర్ పూశారు. దుమ్ము పడకుండా కిటికీలు మూసుకున్నారు. సాయం చేస్తున్న యువకులిద్దరికీ కూడా తలనొప్పి, కళ్ళమంట ఉన్నాయి. డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ డబ్బాలో ఏముంది?" ఎవరూ చెప్పలేకపోయారు. ఒక యువకుడు సైకిల్ మీద వెళ్ళి డబ్బా తెచ్చేవరకు మాకు తెలియలేదు.

ఆక్సిజన్ పెట్టి రాత్రంతా కనిపెట్టుకొని ఉన్నాము. తెల్లవారేసరికి ఆయన తేరుకున్నారు. "నలభై ఏళ్ళుగా ఇదే పని సిస్టరమ్మా, ఈ వాసన నాకు అలవాటే" అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

లప్పంలో రెండు భాగాలు

డబ్బా మూత తీయగానే ఘాటైన వాసన వచ్చి, కాసేపటిలోనే గట్టిపడే లప్పంలో ఉండే పదార్థాలను రెండు భాగాలుగా గుర్తుపెట్టుకోండి. ఒకటి చెక్కలో మిగిలేది. రెండోది గాలిలోకి ఎగిరిపోయేది.

మిగిలే భాగంలో ముఖ్యమైనది పొడి. సన్నగా విసిరిన చెక్కపొడి, సుద్దపొడి, టాల్క్, కొన్నిటిలో బంకమట్టి పొడి ఉంటాయి. టేకు రంగు, రోజ్‌వుడ్ రంగు రావడానికి ఇనుప ఆక్సైడు వంటి రంగులు కలుపుతారు. ఈ పొడినంతా పట్టి ఉంచడానికి ఒక జిగురు కావాలి. చాలా రకాల్లో ఆ జిగురు నైట్రోసెల్యులోజ్. కొన్నిటిలో వినైల్ వంటి ప్లాస్టిక్ జిగురో, సాంబ్రాణిలా కనిపించే రోజిన్ నుంచి చేసిన జిగురో ఉంటుంది.

నైట్రోసెల్యులోజ్ అంటే భయపడనవసరం లేదు, అది మనకు పాత పరిచయమే. దూది లేదా చెక్కగుజ్జును నైట్రిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంతో శుద్ధి చేస్తే అది తయారవుతుంది. 1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దీనిని లోకానికి తెలియజేశారు. మన అమ్మాయిలు గోళ్ళకు వేసుకునే రంగులో ఉండేది ఇదే. మా తరం నర్సులకు చిన్న గాయాల మీద పూసే కొలోడియన్ గుర్తుండే ఉంటుంది. పూయగానే ఆరి, గాయం మీద పలుచని పొరలా అతుక్కొనేది. అది ఈథర్‌లోను, ఆల్కహాల్‌లోను కరిగించిన నైట్రోసెల్యులోజే. ఆ పొర పగలకుండా సాగడానికి అందులో ఆముదం, కర్పూరం కలిపేవారు. లప్పం పెళుసుగా విరిగిపోకుండా ఉండటానికి కూడా ఇలాంటి మెత్తదనమిచ్చే పదార్థాలనే కలుపుతారు.

ఇక రెండో భాగం. ఈ జిగురు నీటిలో కరగదు. దానిని కరిగించి ముద్దలా ఉంచడానికి ద్రావకాలు కావాలి. అసిటోన్, టోలుయిన్, జైలీన్, ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్, మిథైల్ ఇథైల్ కీటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. వీటిలో రెండు మూడు కలిపి వాడతారు. ఏవి ఎంత అనేది కంపెనీని బట్టి మారుతుంది. లప్పం గట్టిపడినప్పుడు పలుచన చేయడానికి పోసే థిన్నర్ కూడా దాదాపు ఇవే ద్రావకాల మిశ్రమం. కొన్ని థిన్నర్లలో మిథనాల్ కూడా ఉంటుంది. కల్తీ సారా తాగినవారి కంటిచూపును పోగొట్టేది ఈ మిథనాలే.

ఆరిపోయింది అంటే ఎక్కడికి పోయింది?

మేస్త్రులందరికీ తెలిసిన విషయం ఒకటుంది. గుంటలో లప్పాన్ని సమంగా పెడితే ఆరాక కుంగిపోతుంది. అందుకని కొంచెం ఎత్తుగా పెట్టి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది సమం చేస్తారు. లోతు గుంట అయితే రెండు మూడు సార్లు పెడతారు. ఎందుకు కుంగుతుంది? అందులోని ద్రావకం ఆవిరై పోతుంది గనుక. లప్పం ఎంత కుంగిందో అంత ద్రావకం ఆ గది గాలిలో కలిసింది. కిటికీలు మూసి ఉంటే దానిని పీల్చేది ఆ గదిలో ఉన్న మనిషే.

ఒక చిన్న లెక్క చూడండి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న మూసిన గదిలో 100 గ్రాముల టోలుయిన్ ఆవిరైపోయిందనుకోండి. గాలి కదలకపోతే ఆ గదిలో పది లక్షల పాళ్ళ గాలికి సుమారు 900 పాళ్ళ టోలుయిన్ చేరుతుంది. పనిచేసేవారి ఆరోగ్యాన్ని పరిశీలించే అమెరికా సంస్థ నయోష్ రోజంతా పనిలో ఉండేవారికి సూచించిన సగటు హద్దు 100 పాళ్ళు. 500 పాళ్ళు ఉన్నచోటు ప్రాణానికీ ఆరోగ్యానికీ తక్షణ అపాయమని ఆ సంస్థే చెబుతుంది. సీలరు, థిన్నరు, లప్పం అన్నీ కలిపి వాడే రోజు 100 గ్రాముల ద్రావకం ఒక లెక్కలోది కాదు.

ఈ ఆవిరులు గాలికంటే బరువైనవి. అసిటోన్ ఆవిరి గాలికి రెండింతల బరువు, టోలుయిన్ ఆవిరి మూడింతలు. అవి నేలబారున నిలుస్తాయి. కింద కూర్చుని బెంచీ కాళ్ళకు లప్పం పెట్టే మనిషికి, నేలమీద పాకే పసిబిడ్డకు అవి ఎక్కువగా అందుతాయి.

మరి "వాసన అలవాటైంది" అంటే ఏమిటి? మన ముక్కు ఒకే వాసనను కాసేపు పీల్చాక దానిని గుర్తించడం మానేస్తుంది. అలవాటు పడింది ముక్కు మాత్రమే. మెదడు, కాలేయం, మూత్రపిండాలు అలవాటు పడలేదు.

శరీరంలో ఏమి జరుగుతుంది?

పీల్చిన ద్రావకం ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి నిమిషాలలో మెదడులోకి చేరుతుంది. కొవ్వులో సులువుగా కలిసే గుణం వీటికి ఉంది, మెదడులో కొవ్వు పదార్థం ఎక్కువ. అందుకే మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తు, మాట తడబడటం కనిపిస్తాయి. చూసేవారికి తాగినట్టే ఉంటుంది. ఇంకా పీలిస్తే స్పృహ తప్పవచ్చు.

కాలేయం టోలుయిన్‌ను హిప్పూరిక్ ఆమ్లంగా మార్చి మూత్రం ద్వారా బయటకు పంపుతుంది. అందుకే మంచి గాలిలోకి వచ్చినవారు చాలామంది తేరుకుంటారు. పని అయ్యాక ఒళ్ళు నొప్పులని మద్యం తాగితే మాత్రం ఈ పని మందగిస్తుంది, విషం ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇక బెల్లం ముక్క తింటే, అరటిపండు తింటే ఊపిరితిత్తులు శుభ్రపడతాయని కొందరి నమ్మకం. బెల్లమూ అరటిపండూ మంచివే, కానీ రక్తంలో చేరిన ఆవిరిని అవి బయటకు తీయలేవు.

ఏళ్ళ తరబడి ఎక్కువగా పీల్చినవారిలో మతిమరుపు, చికాకు, చేతుల వణుకు, వినికిడి తగ్గడం కనిపిస్తాయి. చేతులతో తాకినప్పుడు ద్రావకం చర్మంలోని నూనెను కరిగించేస్తుంది, చర్మం పొడిబారి పగులుతుంది. చేతులకు అంటిన లప్పాన్ని థిన్నర్‌తో కడుక్కునే అలవాటు మానండి. సబ్బు, గోరువెచ్చని నీరు వాడండి, తర్వాత కొబ్బరి నూనె రాసుకోండి.

ఆరిన లప్పాన్ని రుద్దినప్పుడు లేచే పొడి మరో సమస్య. చెక్కపొడి క్యాన్సర్ కారకమని, ముఖ్యంగా ముక్కులోను దాని చుట్టూ ఉండే గదులలోను వచ్చే క్యాన్సర్‌తో దానికి సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది. రోజూ ఈ పనిలో ఉండే మేస్త్రులకు ముక్కు ఒకవైపే మూసుకుపోవడం, తరచు రక్తం కారడం ఉంటే ముక్కు డాక్టరుకు చూపించుకోవాలి.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

గర్భిణులు: ఎక్కువ మోతాదులో టోలుయిన్ పీల్చిన తల్లులకు బిడ్డ బరువు తక్కువగా పుట్టడం, అవయవ లోపాలు, గర్భస్రావం సంభవించినట్లు వైద్యులు గమనించారు. మన కుటుంబాలలో బిడ్డ పుట్టబోతున్నదంటే పాత చెక్క ఊయలను దించి బాగుచేయిస్తారు. అది మంచి ఆచారమే. కానీ ఆ పని కాన్పుకు చాలా ముందుగా, ఇంటి బయట చేయించండి. వాసన పూర్తిగా పోయేవరకు ఎండలో గాలిలో ఉంచండి. నెలలు నిండిన కోడలిచేతనో కూతురిచేతనో దానిని తుడిపించవద్దు.

పసిపిల్లలు: మేము ఎక్కువగా భయపడేది వీరి గురించే. థిన్నర్‌ను కూల్‌డ్రింక్ సీసాలోనో నీళ్ళ సీసాలోనో పోసి మూలన పెడతారు. ఆడుకొని దాహంతో వచ్చిన బిడ్డ దానిని ఎత్తి తాగుతాడు. కిరోసిన్ తాగిన పిల్లల విషయంలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. కడుపులోకి వెళ్ళినదానికంటే, దగ్గులో వాంతిలో ఊపిరితిత్తుల్లోకి జారిన కొద్ది చుక్కలే ఎక్కువ హాని చేస్తాయి, న్యుమోనియా వస్తుంది. అలాంటి బిడ్డలను ఈ చేతులతో ఎత్తుకున్నాము. దయచేసి తాగే సీసాల్లో థిన్నర్ పోయవద్దు.

ఉబ్బసం ఉన్నవారు: ఈ ఆవిరులు ఆయాసాన్ని రేపుతాయి. పాలిష్ జరిగే రోజుల్లో వారిని వేరే ఇంట్లో ఉంచండి.

తల్లిదండ్రులకు ఒక మాట

చెప్పడానికి బాధగా ఉన్నా చెప్పాలి. కొందరు పిల్లలు థిన్నర్‌ను, జిగురును మత్తు కోసం గుడ్డలో పోసి పీలుస్తున్నారు. బట్టలకు రసాయన వాసన, మూతి చుట్టూ పొక్కులు, బడి మీద అశ్రద్ధ, ఒంటరిగా తిరగడం కనిపిస్తే గమనించండి. ఇలా పీల్చేవారికి రక్తంలో పొటాషియం పడిపోయి కాళ్ళు చేతులు చచ్చుబడినట్లు కావచ్చు.

ఇంకా ముఖ్యమైనది. ఈ ఆవిరులు గుండెను చాలా సున్నితంగా చేస్తాయి. ఆ స్థితిలో హఠాత్తుగా భయపడినా, పరుగెత్తినా గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఇలా పీలుస్తూ అకస్మాత్తుగా చనిపోయిన 110 మంది యువకుల గురించి 1970లో మిలార్డ్ బాస్ అనే అమెరికా వైద్యుడు రాశారు. కాబట్టి బిడ్డ పీలుస్తుండగా చూస్తే అరవకండి, కొట్టకండి, వెంటాడకండి. నెమ్మదిగా దగ్గరకు వెళ్ళి మంచి గాలిలో కూర్చోబెట్టండి. మందలింపు తర్వాత, ప్రాణం ముందు. ఆ తర్వాత మన దగ్గరకు తీసుకురండి. మేము ఎవరికీ చెప్పము.

పని చేసేటప్పుడు పాటించవలసినవి

1. వీలైతే బెంచీలను, తలుపులను బయట పందిరి కింద పెట్టి పని చేయించండి. లోపలే చేయాలంటే ఎదురెదురు కిటికీలు, తలుపులు తెరవండి.

2. గుడ్డ కట్టుకున్నాము, మాస్కు పెట్టుకున్నాము అని ధైర్యపడవద్దు. 2020లో కరోనా సమయంలో మనమందరం వాడిన ఎన్-95 మాస్కు రుద్దేటప్పుడు లేచే పొడిని ఆపుతుంది. ఆవిరిని ఆపలేదు. ఆవిరికి బొగ్గు డబ్బా బిగించిన రబ్బరు మాస్కు కావాలి.

3. నిప్పు దగ్గరకు రానివ్వవద్దు. గడ్డకట్టే చలిలో కూడా అసిటోన్ ఆవిరి అంటుకుంటుంది. నేలబారున పాకిన ఆవిరి పక్క గదిలోని గ్యాస్ పొయ్యిని, కొవ్వొత్తిని, దోమల చుట్టను చేరి మంటను వెనక్కి తెస్తుంది. పని జరిగే చోట బీడీ, సిగరెట్ వద్దు. పాలిష్ చేసిన సాయంత్రమే ఆ గదిలో కొవ్వొత్తుల ఆరాధన పెట్టుకోవద్దు.

4. గంటకొకసారి పని ఆపి బయటకు రండి. తలనొప్పి మొదలైతే ఆ రోజుకు ఆ గది చాలు.

5. ఉప్పుకాగితం పట్టాక పొడిని చీపురుతో ఊడ్వకండి. తడిగుడ్డతో తుడవండి.

6. డబ్బా మూత గట్టిగా బిగించి, పిల్లలకు అందని చోట పెట్టండి. మిగిలినదానిని కాలువలో పోయవద్దు.

వాసన లేని దారులు

చిన్న గుంటలకు ఘాటు లప్పమే అవసరం లేదు. నీటితో కలిపి చేసిన లప్పం ఇప్పుడు బజారులో దొరుకుతుంది. అందులో పొడిని పట్టి ఉంచేది ఆక్రిలిక్ జిగురు, ఎక్కువగా ఆవిరయ్యేది నీరు. సన్నని రంపపు పొట్టును వడ్రంగులు వాడే తెల్ల జిగురులో కలిపి పెట్టడం మన మేస్త్రులకు తెలిసిన పద్ధతే. సన్న మేకు గుంటలకు రంగు కలిపిన మైనం చాలు. ఇవి ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది, వానకు తడిసే తలుపులకు అంతగా నిలవవు. కానీ మందిరంలో బెంచీలకు, ఇంట్లో ఊయలకు, బీరువాకు సరిపోతాయి. ఒక రోజు ఆలస్యమైతే నష్టం లేదు.

ప్రమాదం జరిగితే

పీల్చి తూలుతుంటే: వెంటనే మంచి గాలిలోకి తీసుకురండి, బట్టలు వదులు చేయండి. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి. మూసిన గదిలో పడిపోయినవారి కోసం ముందు తలుపులు కిటికీలు తెరవండి. గుడ్డిగా లోపలికి దూకి మీరూ పడిపోవద్దు.

మింగితే: వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్ళు, చింతపండు రసం, సబ్బునీళ్ళు, పాలు ఏవీ పట్టవద్దు. బిడ్డ బాగానే ఆడుకుంటున్నా ఆసుపత్రికి తీసుకురండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలవవచ్చు, అందుకే మేము కనీసం ఆరు గంటలు కనిపెట్టి చూస్తాము.

కంటిలో పడితే: రెప్పలు తెరిచి ధారగా నీళ్ళు పోస్తూ 15 నుంచి 20 నిమిషాలు కడగండి. తర్వాత చూపించండి.

ఒంటిమీద ఒలికితే: తడిసిన బట్టలు తీసివేసి, సబ్బుతో కడగండి.

అన్నిటికంటే ముఖ్యం, డబ్బాను వెంట తీసుకురండి. దానిమీది పేర్లు చదివితే డాక్టరు గారికి దారి తెలుస్తుంది. మిథనాల్ ఉన్నదని తెలిస్తే చికిత్సే వేరు.

చివరిగా

మన ప్రభువు ఈ లోకంలో వడ్రంగి పని చేసినవాడు. చెక్కను చిత్రిక పట్టే చేతులంటే మనకు గౌరవం ఉండాలి. ఆ చేతులకు కూలి ఇవ్వడంతో మన బాధ్యత తీరదు. "కిటికీ తెరవండి మేస్త్రి గారూ, కాసేపు బయట కూర్చోండి" అని చెప్పడం కూడా మన పనే. ఇంకొకటి. తూలుతూ నడిచే మనిషిని చూసి తొందరపడి తీర్పు తీర్చవద్దు. ఆనాడు మేస్త్రి గారిని దారిలో చూసి గుసగుసలాడినవారిలో ఒక్కరైనా దగ్గరకు వెళ్ళి పలకరించి ఉంటే, ఆయన ఇంకో గంట ముందే మా దగ్గరకు చేరేవారు.

ఆ బెంచీల పని ఆయనే పూర్తి చేశారు. ఈసారి వేపచెట్టు కింద, గాలిలో. క్రిస్మస్ ఆరాధనకు భార్యాభర్తలిద్దరూ వచ్చి వాటిమీదే కూర్చున్నారు.

ప్రభువు మీ ఇళ్ళను, మీ చేతి పనులను దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్